రాబందుల బంతికి కావలి

పత్రికలో భూములు మింగినవాణ్ని, లంచాలు తిన్నవాణ్ని పట్టుకొని "రాబందులు" అని పెద్ద అక్షరాలతో వేసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆ రాసినవాడు రాబందును చూసి ఉండడు. చూసినా ముక్కుకు గుడ్డ కట్టుకొని దూరం నుంచి చూసి ఉంటాడు. నేను వాటికి బారెడు దూరంలో, ఎర్రటి ఎండలో, ఒక పగలంతా కూర్చున్నదాన్ని. రాబందు ఒకరి సొమ్ముకు ఆశపడదు. తన వంతు వచ్చేదాకా ఆగుతుంది. తిన్న చోట మచ్చ మిగల్చదు. ఈ మాట అంటే నా మనవలు నవ్వుతారు. మీరు నా ఎదురుగా లేరు కాబట్టి, నవ్వినా నాకు వినబడదు.

మా నాన్న సూర్యాపేట సంతలో గొర్రెల బేరాలు కుదిర్చేవాడు. నన్ను ఉర్దూ బడిలో నాలుగు తరగతులు చదివించాడు. తెలుగు అక్షరాలు ఇంట్లో మా అన్న పలక మీద నేర్చుకున్నాను. పదిహేడేళ్లకు పెళ్లి చేసి, మిర్యాలగూడ దాటి దామరచర్ల దిక్కు పోతే వచ్చే ఒక ఊరికి పంపించారు. ఇప్పుడు ఆ పక్కంతా కాలువ నీళ్లు, వరి. అప్పుడు జొన్న, ఆముదం, మధ్యలో తుమ్మలు, పరుపు బండలు. అత్తగారింట్లో మనుషులం ముగ్గురమే. మా అత్త, మా ఆయన, నేను. మామ పోయి చాలా ఏళ్లయింది. ఒక మంద గొర్రెలు, పన్నెండు పశువులు ఉండేవి. ఊళ్లో నా పేరు ఎవరికీ పట్టలేదు. అందరికీ నేను పేట పిల్లనే.

కాపురానికి వచ్చిన నెలకే ఒక ముసలి ఆవు చచ్చిపోయింది. మా అత్త దాని కొమ్ములకు పసుపు రాసి, నుదుటి మీద చెయ్యి పెట్టి కొంచెం సేపు నిలబడింది. ఆ తర్వాత నా చేతికి ఒక కర్ర ఇచ్చింది.

"పోదాం పా. బండకాడ కావలి ఉండాలె."

"దేనికి కావలి అత్తమ్మా? సచ్చినదాన్ని ఎవడు ఎత్తుకపోతడు?"

"కుక్కలు," అంది.

ఊరికి ఆమడ దూరం కాదుగానీ, కూత వినబడనంత దూరంలో ఒక పెద్ద పరుపు బండ ఉండేది. ఒక పక్క గుట్ట, చుట్టూ తుమ్మలు. వాన పడితే నీళ్లు ఊరి వైపు కాకుండా అవతలి లోయలోకి పారేవి. మా ఇంటివాళ్లు తాతల నాటి నుంచీ చచ్చిన పశువును అక్కడికే చేర్చేవారు. తోలు ఒలిచే పెద్దాయన ఒకాయన అవతలి వాడ నుంచి వచ్చేవాడు. తోలు ఆయనది. ఆయన ఒలిచిపెడితే గానీ పక్షుల ముక్కు లోపలికి దిగదు. తోలు పోయాక కండంతా పెద్దగద్దలది. రాబందులను ఊళ్లో అలాగే అనేవారు. అవి వచ్చేదాకా, వచ్చి బంతి ముగించేదాకా మా ఇంటి ఆడమనిషి ఒకతె కర్ర పట్టుకొని కుక్కలను దగ్గరికి రానివ్వకూడదు. అదీ పద్ధతి.

"కుక్క ఒక్కపారి పచ్చి కండ మరిగిందనుకో, మల్ల గొర్రెపిల్లను ఇడ్సదు," అని మా అత్త చెప్పింది. "పెద్దగద్ద అట్ల గాదు. దానికి ఉరికే జీవి మీద ఆశ లేదు. మురిగినదాన్ని తింటది, రోగాన్ని గూడ అరిగిచ్చుకుంటది. దాని కడుపుల నిప్పుంటది పిల్లా."

నాకు ఆ కడుపు సంగతి వద్దు, నిప్పు సంగతి వద్దు. ఆ వాసనకు తల తిరిగింది. పేటలో పుట్టిన పిల్లను తెచ్చి పీనుగ దగ్గర కూర్చోబెట్టారని ఏడుపొచ్చింది. మరునాడు బావి దగ్గర ఆడవాళ్లు నా బొక్కెన పక్కన తమ బొక్కెన పెట్టలేదు. "గద్దలకు వడ్డిచ్చే కోడలొచ్చింది, జరగుండ్రి" అని ఒకామె అంటే మిగతావాళ్లు నవ్వారు. నేను నీళ్లు తోడుకొని, తల ఎత్తకుండా ఇంటికొచ్చి, మా అత్త మీద విరుచుకుపడ్డాను. ఆమె జొన్నలు చెరుగుతూ అంతా విని, "ఆ నీళ్లు ఎట్లున్నయ్?" అని అడిగింది. మంచిగానే ఉన్నాయన్నాను. "మరి ఉండవా?" అని మళ్లీ చెరగడంలో పడింది.

అయితే మనిషికి కళ్లున్నాక చూడకుండా ఉండలేం. మూడు నాలుగు సార్లు కావలి ఉన్నాక నాకు తెలియకుండానే ఆ బంతి వరస తెలిసిపోయింది. పొద్దున్నే కాకులు వస్తాయి. కళ్లు పొడిచి గోల చేస్తాయి, అంతకంటే వాటి వల్ల కాదు. బారెడు పొద్దెక్కితే గానీ పెద్దగద్దలు గుట్ట మీంచి లేవవు, వాటికి గాలి వేడెక్కాలి. ముందు ఆకాశంలో ఒకటే తిరుగుతుంది. అది కిందికి వంగిందంటే, దాన్ని చూసి ఇంకొకటి, దాన్ని చూసి మరొకటి, ఎక్కడెక్కడివో దిగుతాయి. అన్నిటికీ ముందు తినేది ఎర్ర తల ఉన్న ఒంటరి పక్షి. అది తింటున్నంతసేపూ మిగతావి మెడలు ముడుచుకొని నిలబడతాయి. మా అత్త దానికి దొర అని పేరు పెట్టింది. పోలీసు యాక్షన్ అయిపోయి, ఊరి దొర పట్నం పోయి ఇంకా తిరిగిరాని రోజులు అవి. "ఊళ్లె దొర పోయిండు గని బండ మీద దొర పోలే" అని ఆమె నవ్వేది.

దొర తిని పక్కకు జరిగితే మంద పడుతుంది. గడియసేపట్లో ఆవు పక్కటెముకలు తేలతాయి. అంతా తిని లేచిపోయాక, తెల్లగా, చిన్నగా, పసుపుపచ్చ మొహంతో ఒక పక్షి నడుచుకుంటూ వస్తుంది. ఎముకల సందుల్లో మిగిలింది, రాళ్ల మీద అంటుకున్నది ఏరుకొని తింటుంది. బండను శుభ్రం చేసేది అసలు అదే. దానికి మా అత్త పెట్టిన పేరు కోడలు. మా ఇంట్లోనూ వరస అదే కదా. ముందు కొడుకుకు, తర్వాత తనకు, కుండలో మిగిలింది నాకు. నేను అన్నం ముందు కూర్చునేసరికి, "కోడలు దిగిందా బండ మీదికి?" అని ఆమె ఆటపట్టించేది. మా ఆయన నవ్వేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు.

ఆ మరుసటి ఎండాకాలం పెద్దరోగం వచ్చింది. కోదాడ నుంచి మిరపకాయల బండి తోలుకొచ్చిన ఒకాయన మా వాకిట్లో ఎడ్లను ఆపి చెప్పాడు. "మా వైపు ఇంటికో గొడ్డు పోతోందమ్మా. నోట్లో పుళ్లు, పారుడు, వారం తిరక్కుండానే పడిపోతున్నాయి. మీ గొడ్లని బయటివాటితో కలవనియ్యకండి." చెప్పిన మనిషి మంచివాడే. కానీ ఆయన చెప్పేసరికే ఆయన ఎడ్లు మా ఊరి తొట్టిలో కడుపునిండా నీళ్లు తాగాయి.

పది రోజులు తిరగకముందే ఊళ్లో పశువులు కూలడం మొదలైంది. మిర్యాలగూడలో పశువుల దవాఖాన ఉందన్నారు. పోయిన మనిషి, డాక్టరు పాలకీడు దిక్కు ఊళ్లు తిరుగుతున్నాడని విని ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ఒకే వారంలో ఎక్కడ చూసినా పీనుగలే. ఈడ్చడానికి ఎడ్లు లేవు, ఉన్న ఎడ్లు నిలబడలేకపోతున్నాయి. చావడి దగ్గర పటేలు అందరినీ పిలిచాడు. ఆడవాళ్లు చావడి ఎక్కేవాళ్లు కాదు. మా అత్త గోడ పక్కన నిలబడింది, ఆమె వెనక నేను.

"ఇగ ఈడ్సుడు మనతోని గాదు," అన్నాడు పటేలు. "పాత దిగుడుబాయిల ఏసి రాళ్లు కప్పుదం. ఖతం."

అందరూ తలలు ఊపారు. అప్పుడు మా అత్త గోడ పక్క నుంచే గొంతెత్తింది.

"పటేలా, పాతబాయి ఎండితే మనం తాగే బాయి ఎండుతది. రెండిటికి ఊట ఒక్కటే. దాంట్ల పీనుగలేస్తే మన పిల్లలకు ఏం తాపుతవ్?"

"మరి ఏం జెయ్యమంటవ్ చెప్పు?"

"అన్ని మా బండ మీదికి తేండ్రి. ఎవలిది సచ్చినా, ఏ వాడది సచ్చినా."

పటేలుకు నవ్వొచ్చింది. "నీ గద్దలు ఎన్ని దినాలు తింటయ్? ఊరంత కంపు గాదా?"

"మూడు దినాలు. నాలుగోనాడు పొద్దుగాల నువ్వే వచ్చి సూడు. బండ మీద పిడికెడు కండ కనవడితే మా మందను తోలుకొని ఊరిడిసి పోతం."

నన్ను ఒక్క మాట అడగకుండా నా కాపురాన్ని తీసుకెళ్లి గద్దల ముక్కుల్లో పెట్టింది ఈ ముసలామె. ఊరు విడిచి ఎక్కడికి పోతాం? మేత ఎవరిస్తారు? దారి పొడుగునా ఆమెకు పది అడుగుల వెనకే నడిచాను. ఇంటి దగ్గరికి వచ్చాక ఆమె వెనక్కి తిరిగి, "రేపటి సంది నువ్వు తెల్లారంగనే బండకాడ ఉండాలె పిల్లా. ఊరి కుక్కలన్ని ఆడనే ఉంటయ్" అంది.

మొదటి రోజు నేను అలాగే ఉన్నాను. మగవాళ్లు మోకులు కట్టి, ఏడెనిమిది మంది ఒక్కో పీనుగను ఈడ్చుకొచ్చారు. తోలు ఒలిచే పెద్దాయన తన ఇద్దరు అల్లుళ్లతో వచ్చి నడుం వంచి పని చేశాడు. పెద్దగద్దలు నేను ఎప్పుడూ చూడనన్ని వచ్చాయి. సాయంత్రానికి ఒలిచినవాటిలో ఎముకలే మిగిలాయి. చేతులు నొప్పి పుట్టేదాకా కుక్కలను కొట్టాను. ఇంటికి పోతూ, ముసలామె మాట దక్కేటట్టే ఉందే అనుకున్నాను.

ఇక్కడ మా ఆయన సంగతి చెప్పాలి. ఆ వారంలోనే ఒక తోడేలు ఆయన పొట్టేలును ఎత్తుకుపోయింది. మంద ముందు నడిచే పొట్టేలు అది. తల్లి చస్తే ఆయన చేత్తో పాలు తాపి పెంచాడు. పొట్టేలు పోయినప్పటి నుంచీ ఆయన సరిగా మాట్లాడడం లేదు. ఎవరి బాధలో వాళ్లం ఉండి, మేమిద్దరం పట్టించుకోలేదు.

రెండో రోజు తెల్లారి నేను కర్ర తీసుకొని బయలుదేరుతుంటే, ఆయన మంద దగ్గర నుంచి అప్పుడే వచ్చి వాకిట్లో అడ్డం నిలబడ్డాడు.

"ఇయ్యాల బండకాడికి పోకు."

"పోకుంటే ఎట్ల? అత్తమ్మ మాట ఇచ్చింది. కుక్కలకు ఎవరు అడ్డం?"

"పోకంటే పోకు."

"నీ మొకం గట్ల పీక్కపోయింది, ఏమైంది?"

ఆయన అరుగు మీద కూలబడ్డాడు. "నిన్న మన దూడ సచ్చింది గదా. దాన్ని పొద్దుగూకంగ బండకాడ ఏసిన. మెడ కోసి ముష్టి పొడి కూరిన. తోడేలు అడుగులు ఆడనే ఉన్నయ్, వచ్చి తింటదనుకున్న. తెల్లారకముందే పోయి తీసేద్దమనుకుంటే కండ్లు మూతవడ్డయ్."

ముష్టి గింజల పొడి పిచ్చికుక్కలకు పెట్టేవారు. తిన్నది కట్టెలా బిగుసుకొని చస్తుంది.

"మరి పెద్దగద్దలో?" అన్నాను.

ఆయన నేల చూపులు చూశాడు. గొర్రెల కాపరి కొడుకు, బండ పద్ధతి తల్లిపాలతో నేర్చినవాడు, తోడేలు మీద కోపంలో పెద్దగద్దలనే మరిచిపోయాడు. ఒలవని దూడే అయినా, కోసిన మెడ దగ్గర ముక్కు దించి తింటే అవి ఉన్నచోటే చస్తాయి. అవి చస్తే బండ మీదికి వచ్చే పీనుగలన్నీ అలాగే కుళ్లుతాయి. ఎల్లుండి పొద్దున పటేలు వస్తాడు. ఆ తర్వాత పాతబావిలో పీనుగలు, తాగే బావిలో ఆ నీళ్లు, దారి మీద మేము. అన్నీ ఒకదాని వెంట ఒకటి నా కళ్ల ముందు కనిపించాయి.

"అత్తమ్మకు చెప్పు. కట్టెలు తేండ్రి, కాలబెట్టాలె. ఉరుకు," అన్నాను. మొగుడితో అలా మాట్లాడడం అదే మొదటిసారి. ఆయన భుజం మీది గొంగడి లాక్కొని బండ వైపు పరుగెత్తాను. గొంగడి ఎందుకు లాక్కున్నానో అప్పుడు నాకే తెలియదు.

దూడ బండ అంచున పడి ఉంది. దాని పక్కనే రెండు కాకులు చచ్చి పడ్డాయి. ఒకదాని కాళ్లు ఇంకా కొట్టుకుంటున్నాయి. గుట్ట మీద పెద్దగద్దలు రెక్కలు విప్పి ఎండ కాగుతున్నాయి. పొద్దు బారెడు ఎక్కడానికి ఎంతో సేపు లేదు. దూడను ఈడ్చబోయాను, కదల్లేదు. ఈడ్చినా ఎక్కడికని ఈడుస్తాను, వాటి కళ్లకు అందని చోటు ఉందా? తుమ్మకంప విరిచి దాని మీద కప్పాను. చేతులు గీసుకుపోయి రక్తం కారింది. కప్పడం అయిందో లేదో, నెత్తి మీద గాలి చప్పుడు. ఒకటి దిగింది, ఇంకొకటి, ఆ వెనక మంద.

కర్ర తిప్పుతూ అరిచాను. కుక్క అయితే పారిపోతుంది. అవి రెండడుగులు ఎగిరి పక్కకు జరిగి, మళ్లీ వచ్చాయి. ఒకటి ముక్కుతో కంపను పట్టి ఈడ్చింది. ఎంత తేలికగా ఈడ్చిందంటే, నేను గుమ్మానికి వేసిన తెర తీసినట్టే తీసింది. నేను ఇటు తోలితే అటు వస్తున్నాయి. ఇక లాభం లేదని, గొంగడి దూడ మీద నిండుగా కప్పి, అంచులు కాళ్ల కింద తొక్కిపెట్టి, దాని మీదే కూర్చున్నాను.

భయం వేసింది. వేయలేదని ఎందుకు అబద్ధం చెప్పాలి? మనిషి మోకాలు దాటి పైకి ఉండే పక్షులు, బోడి మెడలు, ముందు రోజు రక్తం ఇంకా ఆరని ముక్కులు. అవి నా చుట్టూ నిలబడి చూస్తున్నాయి. ఏడుస్తూ నాకొచ్చిన తిట్లన్నీ తిట్టాను. మా ఆయన్ను, ముసలామెను, పెళ్లి కుదిర్చిన మా నాన్నను, ఎవరినీ వదల్లేదు. తిట్లు అయిపోయాయి, ఏడుపూ అయిపోయింది. చూస్తే అవి అలాగే నిలబడి ఉన్నాయి. ఒక్కటీ నా మీదికి రాలేదు. మా పేటలో పెళ్లి పందిట్లో విస్తరి కోసం కూర్చున్నవాళ్లు కూడా అంత ఓపికగా ఉండరు.

అన్నిటికీ ముందు దొర నిలబడ్డాడు. ఎర్ర తల పక్కకు వంచి ఒక కంటితో నన్ను చూస్తాడు, మళ్లీ రెండో కంటితో చూస్తాడు.

"ఇయ్యాల గిది నీకు లేదు దొరా," అన్నాను. "నీ పాణం కోసమే చెప్తున్న, పోరాదు?"

దొర పోలేదు. ఎండ ముదిరింది. నల్ల గొంగడి కాలిపోతోంది. కింది నుంచి వాసన, చుట్టూ ఈగలు. రెండుసార్లు వాంతి అయింది. లేస్తే పని చెడుతుందని కూర్చున్న చోటే తల పక్కకు తిప్పాను. పిచ్చి మాట అనిపిస్తుందేమో గానీ, అప్పుడే ఆ పక్షుల మీద నాకు గౌరవం పుట్టింది. నిన్నంతా కుక్కలను కొట్టి వీటికి బంతి పెట్టాను. ఇవాళ అదే బంతి నుంచి వీటిని కాపాడుతున్నాను. ఊరు ఊరంతా ముక్కు మూసుకొనే పని చేసేది ఇవి, ఇవి చచ్చిపోకుండా కూర్చున్నది నేను. నా వెన్ను దానంతటదే నిటారుగా అయింది.

తోలు ఒలిచే పెద్దాయన మధ్యాహ్నం వేళకు ఒక ఎద్దు పీనుగను ఈడ్పించుకొని వచ్చాడు. పక్షుల నడుమ గొంగడి మీద కూర్చున్న నన్ను చూసి ఆగిపోయాడు.

"ఏందమ్మా పేట పిల్లా, నువ్వు గూడ బంతిల కూసున్నవా?"

విషయం చెప్పాను. ఆయన మొహంలో నవ్వు పోయింది. ఎద్దును బండ అవతలి కొసకు ఈడ్పించి కత్తి తీశాడు. అంత తొందరగా తోలు తీయడం నేను ఎప్పుడూ చూడలేదు. మామూలుగా ఒక్క గాటు పడకుండా తీసే మనిషి, ఆ రోజు తోలు మూడు చోట్ల చిరిగినా ఆగలేదు. అల్లుడు "తోలు పాడైతాంది మామా" అంటే, "కానీ రా" అన్నాడు. ఆ తోలే ఆయన కష్టానికి ఫలం. అది ఆయన చేతులారా పాడుచేసుకున్నాడు. ఊళ్లో ఈ కథ చెప్పుకొన్నప్పుడు ఆయన మాట ఎవరూ ఎత్తరు. అందుకే నేను రాస్తున్నాను.

ఎద్దు కండ ఎర్రగా బయటపడగానే మంద అటు తిరిగింది. ఒక్కొక్కటే ఎగురుకుంటూ అవతలి కొసకు పోయాయి. దొర మాత్రం కొంచెంసేపు నా ముందే ఉన్నాడు. ఆ తర్వాత రెండు రెక్కలూ విప్పి, నా మొహానికి గాలి కొట్టి, తాపీగా పోయి తన వంతు అందుకున్నాడు. నేను అప్పుడు కూడా గొంగడి మీంచి లేవలేదు.

మా అత్త కట్టెలతో వచ్చేసరికి పొద్దు వాలింది. బండ్లకు ఎడ్లు లేవు, కట్టెలు నెత్తిన మోసుకు రావాలి. ఆమె వెనక వరసగా మోపులతో వచ్చినవాళ్లు ఎవరో తెలుసా? బావి దగ్గర నా బొక్కెన పక్కన బొక్కెన పెట్టనివాళ్లు. మా అత్త వాళ్లకు ఏమీ దాచలేదు. "నా కొడుకు తప్పు జేసిండు. నా కోడలు దాని మీద కూసున్నది. కట్టెలు గావాలె" అని ఇంటింటికీ తిరిగి చెప్పిందట. ఆ రోజు "జరగుండ్రి" అన్నామె మోపు దించి, నా చెయ్యి పట్టి లేపింది. కాళ్లు మొద్దుబారి నిలబడలేకపోతే నన్ను నడుం పట్టి పక్కకు తీసుకెళ్లింది.

దూడను, కాకులను, గొంగడిని కలిపి కాల్చేశాం. మా ఆయన దూరంగా తల వంచుకొని నిలబడ్డాడు. గొర్రెల కాపరికి గొంగడి అంటే ఇల్లు లాంటిది, ఎండకూ వానకూ పడకకూ అదే. అది మండుతుంటే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. మా అత్త చూసింది. "ఈ వానకాలం నీకు కొత్తది లేదు," అంది. అలాగే చేసింది కూడా. ఆ ఏడు వానలన్నీ ఆయన గోనెసంచి నెత్తిన వేసుకొనే మందను కాశాడు. ఊరంతా ఆటపట్టించినా ఒక్క మాట అనలేదు. తప్పు ఒప్పుకొని మోసిన మనిషి. నాకు ఆయన మీద ఉన్న ఇష్టం నిజానికి ఆ గోనెసంచి కింద మొదలైంది.

మూడో రోజు కూడా కావలి ఉన్నాను. ఈసారి నా వెంట ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కర్రలు పట్టుకొని వచ్చారు.

నాలుగోనాడు పొద్దున పటేలు పదిమందితో బండ దగ్గరికి వచ్చాడు. మా అత్త కొంగు నడుముకు చుట్టుకొని ఒక పక్కన నిలబడింది. ఆమె ఆ కొంగును విప్పడం, మళ్లీ చుట్టుకోవడం మూడుసార్లు చూశాను. అంటే ఇన్ని రోజులూ ఆమెకూ భయం ఉంది. పటేలు కర్రతో ఒక్కో ఎముకల గూడును తిప్పి చూశాడు. కింద చూశాడు, సందుల్లో చూశాడు. ఎండకు ఎముకలు తెల్లగా మెరుస్తున్నాయి. ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచి తిరిగొచ్చాడు. చచ్చిన పెద్దగద్ద ఒక్కటీ లేదు. అంతమంది ఉన్నా లెక్కచేయకుండా తెల్ల పక్షి ఒకటి రాళ్ల నడుమ ఏరుకొని తింటోంది.

"పిడికెడు గాదు," అన్నాడు పటేలు, "గోరంత లేదు." తర్వాత, "దూప అయితాంది, నీళ్లున్నయా?" అని అడిగాడు. తాగే బావి నుంచి నేనే తెచ్చిన కుండ. నేనే వంచి పోశాను. గటగటా తాగి, మూతి తుడుచుకొని, మా అత్తకు తల ఊపి వెళ్లిపోయాడు. పాతబావి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మా పశువుల్లో ఐదు పోయాయి. కొందరికి ఒక్కటీ మిగల్లేదు. కానీ ఆ ఎండాకాలం ఆ బావి నీళ్లు తాగి ఊళ్లో ఒక్క పిల్లకూ జబ్బు చేయలేదు.

ఇప్పుడు ఆ గుట్ట మీద ఒక్క రాబందూ లేదు. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చిన మందు, ఆ పశువు చచ్చాక దాన్ని తిన్న పక్షులకు విషమైందని మా మనవడు చదివి చెప్పాడు. మా ఆయన కోపంలో చేసిన తప్పునే లోకం తెలియక చేసింది. ఈసారి గొంగడి కప్పి కూర్చునేవాళ్లు లేకపోయారు. ఊరి పొలిమేరల్లో కుక్కలు గుంపులు గుంపులుగా తిరుగుతున్నాయి. కుక్కల గురించి మా అత్త చెప్పింది అక్షరాలా నిజమైంది. అది గుర్తొస్తే దుఃఖం వస్తుంది. ఆ వెంటనే, మా కాలంలో మేము పెద్దగద్దలను చావనివ్వలేదు కదా అని ఛాతీ పొంగుతుంది. రెండూ నిజమే.

ఆ నాలుగో రోజు మధ్యాహ్నం మేము ముగ్గురం ఇంటికి వచ్చాం. మా అత్త జొన్న గటక, చింతపులుసు దించింది. నేను ఎప్పటిలాగే పొయ్యి పక్కన గోడకు ఆనుకొని కూర్చున్నాను. మా ఆయన కంచం ముందుకు జరుపుకున్నాడు. ఆమె ఆ కంచం ఆయన ముందు నుంచి తీసి నా ముందు పెట్టింది. కుండలోంచి పైపై వేడిది తీసి వడ్డించింది, పులుసు పోసింది. ఏం జరుగుతోందో అర్థం కాక నేను చెయ్యి పెట్టలేదు.

"తిను దొరా," అంది. "నువ్వు తిని జరిగితే గని మేం ముట్టం."

ఆమె, ఆమె కొడుకు చేతులు కట్టుకొని కూర్చున్నారు. నేను ఏడుస్తూ తిన్నాను, ఆకలి మీద ఉన్నాను కాబట్టి కడుపునిండా తిన్నాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో కోడలు ఆఖరున తినలేదు. నా కోడలూ తినలేదు.